ముగ్గును నమ్మిన లెక్క

ఈ మధ్య మా వీధిలోకి ఒక అమ్మాయి సర్వేకు వచ్చింది. చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు, నెత్తిన ఎండ. పక్కింటికి తాళం చూసి, గేటు దగ్గరే నిలబడి తెరమీద ఏదో నొక్కేసి ముందుకు నడిచింది. నేను అరుగుమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. "ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగాను. "తాళమేసి ఉంది గదా ఆంటీ, ఎవరూ ఉండరని రాసిన" అంది. ఆ ఇంట్లో నలుగురుంటారు. ఆ రోజు వేములవాడకు మొక్కు తీర్చుకోవడానికి పోయారు. పిల్లను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, తప్పు దిద్దించి పంపాను. తిట్టడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇదే పని చేసినదాన్ని, ఇంతకంటే పెద్ద తప్పు చేసి కూర్చున్నదాన్ని, ఏ మొహంతో తిడతాను?

ఆ తప్పు సంగతే ఇప్పుడు చెబుతున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు చదువుతారని ఆశ. చదివి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను పుట్టింది వేములవాడ పక్కన, సాంచాలు నడిపే ఇంట్లో. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటారు. పగలంతా దాని చప్పుడులో పెరిగినందుకేమో, నాకు గొంతు పెద్దది. మొండితనం కూడా తక్కువ కాదు. లెక్కల ఆఫీసులో ఉద్యోగం వచ్చాక మొదట పదిహేనేళ్ళు కరీంనగర్ వైపే తిరిగాను. ఎవరు ఏ ఊరినుంచి ఏ ఊరికి పోతున్నారు, ఎన్ని నెలలకు తిరిగొస్తున్నారు, ఇంటిల్లిపాదీ పోతున్నారా, మగవాళ్ళొక్కరేనా అని ఇల్లిల్లూ తిరిగి రాయడం మా పని. మొదట ఊళ్ళోని ఇళ్ళన్నిటికీ వరుస సంఖ్య వేసి, ప్రతి ఇంటికీ ఎదురుగా జనం ఉన్నారా, వలసపోయారా, ఊరికే తాళమా అన్నది రాసుకోవాలి. తాళం కనిపిస్తే మళ్ళీ సాయంత్రం పోవాలి. అప్పుడూ తాళమే ఉంటే మర్నాడు పోవాలి. మూడోసారికి గాని ఇరుగుపొరుగును అడిగి రాయకూడదు. నిబంధన మంచిదే. ఆ నిబంధన రాసినవాళ్ళకు చివరి బస్సు సాయంత్రం నాలుగింటికే వెళ్ళిపోతుందన్న సంగతి తెలియదు, అంతే.

ఆ రోజుల్లో నాతో ఒక సీనియర్ పనిచేసేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన తాళాన్ని నమ్మే మనిషి. నేత ఇళ్ళలో భర్త సాంచాల ఖార్ఖానాలో ఉంటాడు, భార్య బీడీలు చేయడానికి నలుగురు కలిసే చోటికి పోతుంది, ఇంటికి తాళం పడుతుంది. ఆయన ఆ ఇళ్ళన్నిటినీ ఖాళీ కొంపలని రాసుకొచ్చాడు. ఒక గల్లీ మొత్తాన్ని అలా ఎత్తేశాడు. నేను పోయి చూస్తే ఆ ఇళ్ళ ముందు సాన్పి చల్లి, శుభ్రంగా ముగ్గులున్నాయి. తాళం ఎవరైనా వేస్తారు, పొద్దున్నే లేచి పేడనీళ్ళు చల్లి ముగ్గు వేయడానికి ఇంట్లో మనిషుండాలి. ఆ గల్లీని నేను దిద్దాను. అప్పటి ఆఫీసర్ నలుగురిలో మెచ్చుకున్నాడు. ఆ రోజునుంచి నాకొక సూత్రం ఏర్పడింది. తాళాన్ని నమ్మొద్దు, ముగ్గును నమ్ము. శిక్షణ తరగతుల్లో కూడా ఇదే చెప్పేదాన్ని. మగవాళ్ళు ఏళ్ళతరబడి తిరిగినా చూడలేని దాన్ని నేను ఒక్క పూటలో చూశానని నాకు గర్వంగా ఉండేది. అన్నను "తాళం సారు" అని ఏడిపించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

తర్వాత నన్ను ఆదిలాబాద్ వైపు బదిలీ చేశారు. అదే ఏడు అన్న కూడా అక్కడికే వచ్చాడు. రిటైర్మెంటుకు ఆయనకింక ఏడాదే ఉంది. ఆ చలికాలంలో వలసల సర్వే పెట్టారు. ఈసారి సర్వేకు ఒక ప్రయోజనం కూడా ఉంది. దీపావళి దాటగానే భూమిలేని కుటుంబాలు ఇటుకబట్టీలకు పోతాయి. పోతూ పిల్లల్ని కూడా తీసుకుపోతాయి. ఏ ఊళ్ళో ఐదో వంతు ఇళ్ళు అలా పోతున్నట్టు తేలితే, ఆ ఊరి బడిలోనే పిల్లలకు ఆర్నెల్ల హాస్టల్ పెడతామన్నారు. బియ్యం ఇస్తారు, వంటమనిషిని పెడతారు, రాత్రిపూట ఒక టీచరు ఉంటుంది. తల్లిదండ్రులు పోయినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకుంటారు.

నా వంతుకు వచ్చిన ఊళ్ళలో ఒకటి బోథ్ దాటి, రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. తొంభై దాటిన గడపలు. నేను పోయేసరికి పన్నెండు కావస్తోంది. పత్తి ఏరే రోజులు. ఊళ్ళో మనుషులనేవాళ్ళు లేరు, అందరూ చేన్లలో ఉన్నారు. తాళాలు వరుసగా కనిపించాయి. దాదాపు ప్రతి తాళం ముందూ ముగ్గుంది. పెద్ద ముగ్గులేం కావు, నాలుగు చుక్కలు పెట్టి రెండు గీతలు కలిపిన పనివేళ ముగ్గులు. నాకు నవ్వొచ్చింది. ఇక్కడికి తాళం సారును పంపి ఉంటే ఊరంతా ఎత్తేసి ఉండేవాడు కదా అనుకున్నాను. జనం ఉన్నారు, చేనుకు పోయారు అని వరుసగా రాసుకుంటూ పోయాను. వలస అని రాసింది రెండే రెండు ఇళ్ళకు. వాటి ముందు ముగ్గు లేదు. సాయంత్రం రెండోసారి తిరగాలన్న నిబంధనను నా తెలివి మింగేసింది. నాలుగింటి బస్సు దొరికింది.

అక్కడితో ఆ ఊరిని నేను మరిచిపోయాను.

రెండు నెలల తర్వాత, ఒక మంగళవారం, ఒక ఆడమనిషి మా ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పత్తి బోండాలు గీసుకుని చేతులనిండా గీతలు. రెండు బస్సులు మారి వచ్చిందట. అటెండర్ చూపించగానే నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మా ఊరు రాసింది నువ్వేనట గద మేడం?"

ఏ ఊరని అడిగాను. చెప్పింది.

"మా ఊళ్ళె ఎవ్వలు వలస పోలేదని రాసినవట. ఇద్దరే పోయిండ్రని రాసినవట. హాస్టల్ రాదని బడి సారు చెప్పిండు. పక్క ఊరికి వచ్చింది, మాకు రాలే. ఎట్ల రాసినవ్ మేడం? కండ్లతోటి సూసే రాసినవా?"

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాళ్ళకు కోపం ముందొస్తుంది, గమనించే ఉంటారు. ఫైలు తీసి ఆమె ముందు పెట్టాను. ఇదిగో ఇన్ని ఇళ్ళు, అన్నిటి ముందూ సాన్పి ఉంది, ముగ్గుంది, మనుషులు లేకపోతే ముగ్గులు వాటంతటవే పడతాయా అని గట్టిగా అడిగాను. ఆఫీసంతా ఇటు చూసింది.

ఆమె ఫైలులోని వరుసను వేలితో తడిమింది. తర్వాత చిన్నగా అంది.

"గా ముగ్గులు నేనేసినయి."

నాకు అర్థం కాలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. ఆమె ఇంటాయన మస్కట్‌లో ఉంటాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. కూతురి పెళ్ళయిపోయింది. కొన్నేళ్ళ కింద పక్కింటివాళ్ళు మొదటిసారి బట్టీకి పోయారు. పోయిన వారానికి ఫోన్ చేసి, పక్కింటావిడ ముందుగా అడిగిన మాట, "అక్కా, మా వాకిలి ఎట్లున్నది?" అని. వాకిట్లో కుక్కలు పడుకుని ఉన్నాయి. ఈమె మనసొప్పక, "సాన్పి జల్లి ముగ్గేసిన, మంచిగున్నది" అని అబద్ధం చెప్పింది. చెప్పిన అబద్ధాన్ని మర్నాడు పొద్దున నిజం చేసింది. అది తెలిసి మరుసటి ఏడు పోయేవాళ్ళు మాది కూడా చూడమని ముగ్గుపిండి పొట్లం చేతిలో పెట్టి పోయారు. అలా ఇరవై రెండు వాకిళ్ళయ్యాయి.

"చావు ఇంటి ముందట్నే గద ముగ్గుండదు" అంది. "వాళ్ళు బతకనీకి పోయిండ్రు. వాళ్ళ వాకిలి బోసిగ ఉంటే ఎట్ల?"

వాకిళ్ళొక్కటే కాదు, ఆ ఏడు ఆరుగురు పిల్లల్ని కూడా ఆమె దగ్గర వదిలిపోయారు. హాస్టల్ వస్తుందని బడి సారు చెబితే, ఈమె ఆ మాట నమ్మి, పిల్లల్ని తీసుకుపోవద్దని తల్లిదండ్రులకు తానే పూచీ పడింది. హాస్టల్ రాలేదు. రెండు గదుల ఇంట్లో ఆరుగురికి వండిపెట్టడం ఆమె వల్ల కావడం లేదు. పిల్లల పరిస్థితి విని, పంపించెయ్యమని తల్లులు ఫోన్ చేశారు. శనివారం పొద్దున బట్టీ మేస్త్రీ బండి వచ్చి ఆరుగురినీ ఎక్కించుకుపోతుంది. అందులో పెద్దపిల్ల పదో తరగతి. పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయి.

అంతా చెప్పి, ఫైలు వైపు చూస్తూ అడిగింది. "అయితే నా ముగ్గే ముంచిందా మేడం?"

ముప్పై నాలుగేళ్ళలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలడిగారు. ఈ ప్రశ్నకు సిగ్గుపడ్డంత దేనికీ పడలేదు. "నీ ముగ్గు కాదక్కా, నా తెలివి ముంచింది" అన్నాను. సవరణల జాబితా శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ పోతుంది. అంటే నా చేతిలో మూడు రోజులున్నాయి. శుక్రవారంలోగా దిద్దిస్తాను, నువ్వు పిల్లల మూటలు కట్టొద్దు అని చెప్పి ఆమెను బస్సెక్కించాను. దిద్దించగలనో లేదో నాకే తెలియదు.

బుధవారం పొద్దున మా ఆఫీసర్ సార్ ముందు నిలబడ్డాను. ఆయన చెడ్డవాడేం కాదు. సంతకం పెట్టిన కాగితాన్ని మళ్ళీ తెరవడమంటే మాత్రం ఆయనకు పన్ను పీకించుకునేంత భయం.

"ముగ్గు చూసి మనుషులున్నరని రాసినవా అమ్మా? పైకి ఏమని రాయాలె నేను? ముగ్గు మోసం చేసిందని రాయాల్నా?"

"నా తప్పని రాయండి సార్. కాగితం నేనే రాసిస్తా."

"ఒక ఊరు దిద్దితే నువ్వు తిరిగిన ఊళ్ళన్నీ దిద్దాలె. తెలుసా?"

"తెలుసు సార్. అన్నీ తిరుగుతా."

"ఆ ఊరి సర్పంచే నోరు తెరవలే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురద ఉంది సార్. నిన్న రెండు బస్సులు మారి వచ్చింది" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రుజువు లేకుండా అంకె మార్చనని తేల్చేశాడు. మొన్న ముగ్గుందని ఉన్నారన్నావు, ఇవాళ ఎవరో వచ్చి చెప్పారని లేరంటున్నావు, రేపు ఇంకెవరైనా వచ్చి చెబితే మళ్ళీ మారుస్తావా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఇంకా మండింది.

బయటికి వస్తే అన్న వరండాలో ఉన్నాడు. అంతా విన్నాడు. ఇన్నేళ్ళు నేను ఏడిపించినదానికి ఇప్పుడు దెప్పుతాడనుకుని మొహం ముడుచుకున్నాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. "ఇయ్యాల్నే పో చెల్లె. ఊళ్ళె ఉండు. సార్‌ను తోలుకొచ్చే పని నాకిడిసిపెట్టు" అన్నాడు.

సాయంత్రానికి ఊరు చేరాను. అక్క ఇంట్లో పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆరు కంచాలు, ఆరూ ఆరు రకాలు. ఎవరింటి కంచం వాళ్ళు తెచ్చుకున్నారు. పెద్దపిల్ల త్వరగా తినేసి బల్బు కిందికి పుస్తకం జరుపుకుంది. గోడవారగా రెండు బట్టల మూటలు కట్టి ఉన్నాయి. కట్టొద్దన్నాను కదా అన్నట్టు చూశాను. అక్క తల తిప్పుకుంది.

దారిపొడుగునా ఒక ఉపాయం ఆలోచించుకొచ్చాను. అదే చెప్పాను. "అక్కా, ఒక్క రేపు పొద్దున ముగ్గులు ఆపు. సార్ వస్తే బోసి వాకిళ్ళు చూస్తాడు. తాళం, బోసి వాకిలి, రెండూ కనబడితే ఇంక మాట్లాడడు."

"ఆప" అంది. అంతే. గిన్నెలో మిగిలిన పప్పు చిన్నపిల్ల కంచంలో వేసింది.

"ఒక్క పొద్దే అక్కా."

"ఒక్క పొద్దయినా ఆప. మాటిచ్చిన."

నాకు తిక్క రేగింది. "ఆరుగురు పిల్లల కన్నా ముగ్గెక్కువైందా నీకు?" అన్నాను, అదీ పిల్లల ముందే. నోరు జారిందని అన్న మరుక్షణమే తెలిసింది.

ఆమె కోపం చేయలేదు. చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "గీ పిల్లలను నా మీద ఎందుకిడిసిపోయిండ్రు చెల్లె? నేనేమన్న సుట్టాన్నా? గీ ముగ్గు సూసే గద. పోయినేడు ఏసింది, ఈయేడు సుత ఏస్తది, చెప్పిన మాట మీద ఉంటది అని నమ్మిండ్రు. గిప్పుడు మీ సారు కోసం ఆపితే, రేపు ఇంకెవలకోసమో పిల్లలను ఇడుస్తనని అనుకోరా?" పిల్లల వైపు చూసి మళ్ళీ అంది. "నేనెందుకు ఆపాలె? సూడాల్సినోళ్ళు మిట్టమధ్యాన్నం గాదు, పొద్దుగాల రావాలె."

మేడం పోయి చెల్లె అయినందుకు సంతోషించాలో, చెంపదెబ్బ తిన్నందుకు ఏడవాలో తెలియలేదు. చెప్పింది మాత్రం నిజం. ముగ్గు ఉందా లేదా అని చూశాను గానీ, ఎవరు వేస్తున్నారని ఏనాడూ చూడలేదు. పొద్దున ఐదింటికి ఏ ఊళ్ళోనూ నేను లేను. బడి గోడ దగ్గర సిగ్నల్ వస్తుందంటే అక్కడికి పోయి అన్నకు ఫోన్ చేశాను. తెల్లారేలోపు సార్‌ను తేవాలని చెప్పాను. ఆయన ఏం మాయ చేశాడో నాకీ రోజుకీ తెలియదు. అడిగితే, "జీపు డ్రైవర్‌కు బోథ్ దగ్గర సుట్టాలున్నరు, సార్‌కు చలిల చాయ్ అంటే ఇష్టం" అనేవాడు.

గురువారం తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతోంది. పొగమంచులో జీపు లైట్లు కనిపించాయి. సార్ మంకీ క్యాప్ పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని, నన్ను చూసి కూడా పలకరించకుండా దిగాడు. వెనకే అన్న, చేతిలో టార్చి. అక్క అప్పటికే ఒక చేత్తో సాన్పి బకెట్, ఒక చేత్తో ముగ్గు డబ్బా పట్టుకుని బయల్దేరింది. ఎవరికోసమూ ఆగలేదు. ఆమె వెంట మేం ముగ్గురం.

మొదటి ఇల్లు. ఊడ్చింది, చల్లింది, వంగి నాలుగు చుక్కలు పెట్టింది, రెండు గీతలు కలిపింది. "వీళ్ళు దీపావళి అయిన మూడో దినం పోయిండ్రు. నలుగురు" అంది, వంగే. నేను రాసుకున్నాను. అన్న గోడ దగ్గరికి పోయి కరెంటు మీటరు మీద టార్చి వేశాడు. అంకె కదలడం లేదు, అద్దం మీద సాలెగూడు. తాళం సారు ఊరికే తాళం సారు కాలేదు. "గిది రాసుకో" అని మీటరు అంకె చెప్పాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. అదే చేయి, అవే నాలుగు చుక్కలు, కుడివైపు గీత చివర అదే చిన్న వంపు. రెండు నెలల కింద ఈ వంపును నేను ఇన్ని ఇళ్ళ ముందూ చూశాను. ఒకే మనిషి చేయని నాకు తట్టలేదు. పుట్టింది మొదలు ముగ్గులేసిన దాన్ని, మా అమ్మ ముగ్గును వందలో గుర్తుపట్టగలను. కళ్ళుండి కూడా చూడలేదు.

ఐదో ఇంటి దగ్గర సార్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "సారూ, జర పక్కకు జరుగుండ్రి. తొక్కుతున్నరు" అంది అక్క. ఆయన గబుక్కున వెనక్కి జరిగాడు. అప్పటినుంచి వాకిలి అంచులోనే నడిచాడు. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. దుప్పట్లు కప్పుకుని ఆడవాళ్ళు బయటికి వచ్చి, అడగకుండానే సాక్ష్యం చెప్పారు. ఎవరు ఎప్పుడు పోయారు, ఏ బట్టీ, ఎంతమంది అని ఒకరు చెబితే ఇంకొకరు దిద్దారు. పన్నెండో ఇంటి దగ్గర సార్ నా చేతిలోని కాగితం తీసుకుని తానే రాయడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదో ఇల్లు దాటాక పొద్దు పొడిచింది. అక్క నడుం పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. సార్ బకెట్ అందుకున్నాడు. ఆమె వద్దంది. ఆయన ఇవ్వలేదు. మా సార్ పేడనీళ్ళ బకెట్ మోయడం నేను కళ్ళారా చూశాను. ఆఫీసులో ఎవరికి చెప్పినా నమ్మలేదు.

ఇరవై రెండు ఇళ్ళయ్యాక అక్క తన వాకిలి ముందుకు వచ్చింది. అందరివీ అయ్యాకే తనది. సార్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రోజూ ఇట్లనేనా?" అని అడిగాడు.

"ఆనకాలం ఉండది సారూ. వాళ్ళు ఊళ్ళెనే ఉంటరు" అంది ఆమె. జీపెక్కి బోథ్ దాకా వచ్చాం. సార్ చాయ్ దగ్గర ఆపించి, "నీకు మెమో ఇయ్యక తప్పదమ్మా" అన్నాడు. ఇవ్వండి సార్ అన్నాను. ఆ చాయ్ నాకు అమృతంలా దిగింది.

శుక్రవారం మధ్యాహ్నానికి సవరణ పోయింది. దానికి జతచేసిన నా వివరణ ఎవరైనా చదివి ఉంటే నవ్వుకుని ఉంటారు. ఇళ్ళ ముందున్న ముగ్గులను ఆధారంగా తీసుకుని, రెండో విడత సందర్శన చేయకుండా, నివాసితులు ఉన్నట్టు పొరపాటుగా నమోదు చేశాను అని రాశాను. దానికి వచ్చిన మెమో నా సర్వీసు పుస్తకంలో ఉంది. ఊరు జాబితాలో చేరినట్టు సార్ బడి పేరు మీద ఒక కాగితం రాయించి, దాని నకలు అక్కకు ఇమ్మని అన్నతో పంపాడు. శనివారం మేస్త్రీ బండి వచ్చిందట. అక్క ఆ కాగితం పట్టుకుని బండికి అడ్డంగా నిలబడి, "కాయితం వచ్చింది, పిల్లలు రారు, బండి తిప్పుకో" అందట. మేస్త్రీ కాగితం చదవలేదు, ఆమె మొహం చూసి బండి తిప్పాడు. బియ్యం, వంటమనిషి రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆరుగురికీ ఆమే వండింది. పెద్దపిల్ల పరీక్షలు రాసింది, పాసయింది.

ఇక్కడితో ఆపితే నేను గొప్పదాన్నైపోతాను. ఆపను. సార్ అన్నట్టే నేను తిరిగిన ఊళ్ళన్నీ మళ్ళీ తిరగాల్సి వచ్చింది. ఆదివారాలు, సెలవులు, అన్నీ అందులోకే పోయాయి. పొద్దున ఐదింటికి ఊళ్ళో ఉండాలని ముందురోజే పోయి ఎవరింట్లోనో పడుకునేదాన్ని. ఇంట్లో మా ఆయన మండిపడ్డాడు. ఇంకో రెండు ఊళ్ళలో ఇదే తప్పు బయటపడింది. అక్కడా ఒక అక్కో, వదినో వాకిళ్ళు చూస్తోంది. కానీ అప్పటికే ఆ ఏటి జాబితా మూసేశారు. ఆ రెండు ఊళ్ళ పిల్లలు అప్పటికే బట్టీల్లో ఉన్నారు. ఆ ఏడు వాళ్ళకు బడి లేదు. వాళ్ళలో ఎవరూ బస్సెక్కి వచ్చి నన్ను నిలదీయలేదు. అందుకే ఆ బరువు ఇంకా దిగలేదు. అన్న రిటైరైన రోజు నలుగురిలో ఆయన కాళ్ళకు దండం పెట్టి, ఇక తాళం సారు అని పిలవనని చెప్పాను. "పిలువు చెల్లె, లేకుంటే నన్నెవ్వలు గుర్తుపెట్టుకుంటరు?" అన్నాడు.

తర్వాత శిక్షణ తరగతుల్లో నా సూత్రం మార్చాను. తాళాన్నీ నమ్మొద్దు, ముగ్గునూ నమ్మొద్దు, రెండోసారి పొండి, పొద్దున్నే పొండి అని చెప్పేదాన్ని.

మరుసటి చలికాలం ఆ ఊరికి మళ్ళీ సర్వే వచ్చింది. ఎవరినీ పంపకుండా నేనే పోయాను. ముందురోజు రాత్రి అక్క ఇంట్లో పడుకుని, పొద్దున నాలుగున్నరకే లేచి కూర్చున్నాను. ఆమె లేవలేదు. ఐదయింది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడి లేపబోయాను.

"పండనియ్యి చెల్లె" అంది దుప్పట్లోంచి. "నాయి ఇంక ఆరే మిగిలినయి. జర ఎండ వచ్చినంక ఏస్త."

బయటికి పోయి చూశాను. మంచులో బడివైపు నుంచి పిల్లలు వస్తున్నారు. హాస్టల్ పిల్లలు. ఒకరి చేతిలో చీపురు, ఒకరి చేతిలో చెంబు. వీధిలోకి రాగానే విడిపోయి, ఎవరి తాళం ముందుకు వాళ్ళు పోయారు. నేను ఫైలు పట్టుకుని ఒక ఇంటి ముందు ఆగాను. మూడో తరగతి పిల్ల, పోయినేడు అక్క చివరి పప్పు వడ్డించిన చిన్నపిల్ల, చలికి వణుకుతూ ముగ్గు వేస్తోంది. చుక్కలు వంకరగా పడ్డాయి. ఒక గీత చుక్కను తప్పించుకుని ఎటో పోయింది. చెరిపి మళ్ళీ వేసింది. ఇంటి సంఖ్య చూసి కలం తీశాను.

"ఏం రాస్తున్నరు మేడం?"

"మీ ఇంటివాళ్ళు వలసపోయారని."

పిల్ల పిండి చేతులు గౌనుకు తుడుచుకుని, తాళం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"అవ్వ, బాపు పోయిండ్రు. నేనున్న గద!"

ఆ ఫారంలో అలాంటి గడి లేదు. అంచులో రాశాను. తాళం ఉంది, తల్లిదండ్రులు బట్టీకి పోయారు, బిడ్డ ఊళ్ళోనే ఉంది, చదువుకుంటోంది. రాసేసరికి వెనకనుంచి మాట వినబడింది. అక్క దుప్పటి కప్పుకునే వచ్చి నిలబడింది. వంగి ఆ వంకర ముగ్గును చూసింది.

"రాసుకో చెల్లె" అంది. "గీ ముగ్గును నమ్మచ్చు. ఇంటోళ్ళేసిందే."